కుడిభుజం మెనికో

మెనికో మెడ పుట్టుకతో వంకర కాదు. ఎడమ భుజం మీద ఉన్ని బేళ్ళు మోసీ మోసీ, బరువుకి చోటివ్వడానికి తల పక్కకి జరిపీ జరిపీ, అది కుడివైపుకి వాలి అలాగే ఉండిపోయింది. చర్చిలో నిలబడితే పక్కవాళ్ళ గుసగుసలకి చెవి ఒగ్గినట్టు కనిపించేవాడు. నిజానికి ఎవరి కబుర్లూ అతనికి పట్టవు. మనుషులతో కన్నా బేళ్ళతోనే ఎక్కువ మాట్లాడేవాడు. "రా తల్లీ, కాస్త సర్దుకో, అదీ, ఇంక పడుకో" అంటూ బేలుని భుజానికెత్తుకునేవాడు. గట్టు మీదివాళ్ళు నవ్వేవాళ్ళు. నవ్వితే తనూ నవ్వేవాడు తప్ప మానేవాడు కాదు.

నేను బెత్తాని. లివోర్నో రేవులో ఇవతలి గట్టు మొదట్లోనే నా పొయ్యి. శనగపిండి జారుగా కలిపి, నూనె పోసిన పెద్ద రాగి పళ్ళెంలో పరిచి, కట్టెల సెగ మీద కాల్చి, ముక్కలు కోసి మిరియాలు చల్లి ఇస్తాను. గట్టు మీద పనిచేసే ప్రతివాడి ఆకలీ, అలకా నాకు తెలుసు. మెనికోని మీసాలు రాకముందు నుంచీ ఎరుగుదును. వాళ్ళ నాన్న కూడా మా గట్టు హమాలీయే. ఒక వానరోజు కాలు జారి ఓడకీ గట్టుకీ మధ్య నలిగిపోయాడు. హమాలీల సంఘం వాళ్ళే ఆయన్ని మోసుకెళ్ళి పాతిపెట్టారు. ఏడుపు ఆగాక ఆ సంఘం వాళ్ళే కొడుకు భుజం మీద మొదటి బేలు పెట్టారు. అందుకని మెనికోకి సంఘం అంటే కూలి దొరికే చోటు మాత్రమే కాదు. చచ్చిపోయిన నాన్న అక్కడింకా ఉన్నట్టే అతని లెక్క.

ఆ బేలు పెట్టింది ఎడమ భుజం మీద. మా గట్టు పద్ధతి అది. ఓడకీ గట్టుకీ మధ్య వేసే బల్ల మీద ఇద్దరు మనుషులు ఒరుసుకుంటూ దాటేటంత చోటే ఉంటుంది. ఎక్కేవాడూ దిగేవాడూ ఎదురైతే ఇద్దరి కుడి భుజాలూ రాసుకుంటాయి, బరువులు నీటివైపుకి ఉంటాయి, ఎవరి దారిన వాళ్ళు పోతారు. ఒక్కడు కుడి భుజాన బేలు పెట్టుకుని వచ్చాడంటే అది ఎదుటివాడి మొహానికి కొట్టుకుంటుంది, ఇద్దర్లో ఒకడు నీళ్ళలో ఉంటాడు. అవతలి గట్టు హమాలీలు కొండల్లోంచి దిగివచ్చినవాళ్ళు. వాళ్ళందరూ కుడి భుజానే మోస్తారు. అందరూ ఒకలాగే మోస్తారు కాబట్టి వాళ్ళ బల్ల మీద వాళ్ళకీ ఇబ్బంది లేదు. కానీ మా దగ్గర మాత్రం "కుడిభుజం" అన్నది తిట్టు. నమ్మకద్రోహి, తోటివాడి నోటికాడ కూడు లాక్కునేవాడు అని అర్థం. పెళ్ళాం మొగుణ్ణి ఆ మాట అంటే ఆ ఇంట్లో ఆ పూట పొయ్యి వెలగదు.

అలాంటి మాట మెనికో పేరుకి ముందు వచ్చి కూర్చుందంటే దానికి కారణం ఒక బొమ్మ. చేతి వెడల్పు కన్నా కాస్త పెద్ద కాగితం ముక్క.

దానికి ముందు ఆ వసంతంలో జరిగిన గొడవ చెప్పాలి. ఒక ఓడ దళారి, పేరెందుకులెండి, ఇద్దరు మొయ్యాల్సిన బేళ్ళని ఒక్కడే మొయ్యాలన్నాడు. మా మేస్త్రి పేరు చెక్కోనే. మంచి ఎత్తరి, గొంతు విప్పితే గట్టు చివరిదాకా వినిపించే మనిషి. ఆయన చెయ్యెత్తి "దించండ్రా" అన్నాడు. ఎక్కడి బేలు అక్కడ దించేశారు. దళారి ఊరుకుంటాడా? ఓడని తాళ్ళతో లాగించి అవతలి గట్టుకి కట్టించుకున్నాడు. మావాళ్ళు చేతులు కట్టుకుని నీళ్ళకి ఇవతల నిలబడి అవతల పని జరుగుతుంటే చూస్తూ ఉండిపోయారు. కొనేవాళ్ళు లేక నా పొయ్యి కూడా చల్లబడిపోయింది. చివరికి అవతల మనుషులు చాలక, పని సాగక, సరుకు సగం పాడవడంతో దళారే తగ్గాడు. మావాళ్ళు గెలిచారు. అయితే గెలుపు గెలుపులా లేదు. మా మనిషే ఒకడు తల మీద గోనె కప్పుకుని, తెల్లవారకుండానే అవతలికెళ్ళి పనిచేసి వచ్చేవాడని ఎవరో అన్నారు. ఎవరన్నారో తెలియదు, ఎవరు వెళ్ళారో తెలియదు. అప్పట్నుంచీ ఒకరి మొహం ఒకరు అనుమానంగా చూసుకోవడం మొదలైంది.

బొమ్మలాయన వచ్చింది ఆ రోజుల్లోనే. ఫ్లోరెన్స్ వైపు కుర్రాడు. సన్నగా ఉండేవాడు, గోళ్ళనిండా నల్లటి మసి. గొడవకి ముందూ తిరిగాడు, గొడవ జరుగుతున్నప్పుడూ తిరిగాడు, తర్వాతా తిరిగాడు. ఈ గట్టు మీద కాసేపు, ఆ గట్టు మీద కాసేపు. తాడు చుట్టల మీద కూర్చుని ఓడలు, పీపాలు, తెడ్లు వేసే గాలీ నౌక నుంచి సంకెళ్ళతో దిగే బానిసలు, బేరాలాడే అర్మేనియా వర్తకులు, ఏది కనిపిస్తే అది గీసుకునేవాడు. నా రొట్టె ఎన్ని ముక్కలు తిన్నాడో! నా బొమ్మ మాత్రం వెయ్యలేదు. అడిగితే "పొగ ఎక్కువగా ఉందమ్మా, మొహం దొరకట్లేదు" అన్నాడు. తినేటప్పుడు దొరికింది కదా నాయనా అనుకున్నాను గానీ పైకి అనలేదు.

మెనికోని మాత్రం ఇష్టంగా గీశాడు. ఆ వంకర మెడ ఆయనకి నచ్చినట్టుంది. మెనికో బేలుతో దిగుతూ దిగుతూ, ఆయన కాగితం వైపు ఓరగా చూసి "అయ్యా, నా మొహం పడుతుందా?" అన్నాడు.

"పడుతుంది. నడువు, ఆగకు."

"నా టోపీ కూడా వెయ్యండయ్యా. ఈ చిరుగుతో సహా. మా పాప గుర్తుపట్టాలి కదా."

ఆ మధ్యాహ్నం నా దగ్గర రొట్టె తింటూ అతను అన్నేసి మాటలు మాట్లాడితే నేను ఆశ్చర్యపోయాను. "అక్కా, రాజులూ సెయింట్లూ ఉండే కాగితాల్లో నేనుంటానట. మా మెయా అడిగితే 'ఇదిగో మీ నాన్న' అని చూపించొచ్చు. నాకైతే మా నాన్న మొహం సరిగ్గా గుర్తుకే రాదు" అన్నాడు. మెయా అతని కూతురు. ఆ పిల్లకి జ్ఞానస్నానం రోజు పట్టుకుని నిలబడ్డది మేస్త్రి చెక్కోనేయే. అందుకే ఆ ఇద్దరూ ఒకరినొకరు బావా అని పిలుచుకునేవాళ్ళు.

ద్రాక్ష కోతలు అయిపోయాక బొమ్మలు అచ్చయి వచ్చాయి. బొమ్మలమ్మేవాడు తాడు కట్టి బట్టలారేసినట్టు గట్టు మీద వరసగా ఆరేశాడు. అందులో మా రేవు. "ఒరేయ్, మెనికో రోయ్!" అని ఎవడో అరిచాడు. అంతే, జనం ఎగబడ్డారు. నిజంగానే మెనికో. ఆ మెడ, చిరిగిన టోపీ, కాలి వేళ్ళు పట్టు కోసం బల్లని కరిచిపట్టుకోవడం కూడా అచ్చం అలాగే ఉంది. చెక్కోనే పొంగిపోయాడు. ఒకటి కొని, సంఘం వాళ్ళ కొట్టులో మా సెయింటు పటం కింద మేకుకి గుచ్చి, "మన సంఘం మనిషిరా, చూడండి" అని మెనికో వీపు మీద చరిచాడు. మెనికో సిగ్గుతో టోపీ కళ్ళ మీదికి లాక్కున్నాడు.

కాసేపటికి కొట్టు వెనక వరసలోంచి ఒక గొంతు వినబడింది. "మేస్త్రీ, బేలు ఏ భుజాన ఉంది?"

నవ్వులు ఆగిపోయాయి. చెక్కోనే బొమ్మకి దగ్గరగా జరిగాడు. బేలు కుడి భుజం మీద ఉంది. అనుమానమే లేదు, కుడి భుజం మీదే.

"దీపస్తంభం చూడండి" అన్నాడు ఇంకొకడు. మా గట్టు మీంచి చూస్తే దీపస్తంభం ఓడలకి కుడిచేతి పక్కన కనిపిస్తుంది. అవతలి గట్టు మీంచి చూస్తే ఎడమచేతి పక్కన. బొమ్మలో అది ఎడమ పక్కన ఉంది.

నేను అప్పుడే రొట్టెల పళ్ళెం నెత్తిన పెట్టుకుని కొట్టులోకి వెళ్ళాను. అందరూ మెనికో వైపు చూస్తున్నారు. అతను బొమ్మ వైపు చూస్తున్నాడు.

"ఏంటి బావా ఇది?" అన్నాడు చెక్కోనే. ఆ గొంతు ఎప్పుడూ అంత చిన్నగా వినలేదు నేను.

"నాకూ తెలియట్లేదు బావా. నేను కాదు."

"నువ్వు కాదా? ఆ మెడ నీది కాదా? టోపీ నీది కాదా?"

"మనిషిని నేనే. అక్కడున్నది నేను కాదు."

"బాగుందిరా! మనిషివి నువ్వే, ఉన్నది నువ్వు కాదు."

మెనికో తన చొక్కా మెడ తనే పట్టుకుని చింపినంత పని చేశాడు. ఎడమ భుజం బయటపెట్టాడు. అక్కడ చర్మం గుర్రపు డెక్కలా గట్టిపడి కాయ కాసి ఉంది. "ఇదిగో, ఇది చూడండి. ఇంతకన్నా ఏం చెప్పను?"

"ఇన్నేళ్ళ కాయ నాలుగు రోజుల ద్రోహానికి కరిగిపోతుందా?" అన్నాడు చెక్కోనే. "పిల్లకి నేను జ్ఞానస్నానం తండ్రిని. ఇంట్లో తిండి లేకపోతే నన్ను అడగొచ్చుగా? నా దగ్గర నోరు రాలేదు గానీ గోనె కప్పుకుని వెళ్ళడానికి కాళ్ళు వచ్చాయా?"

నాకు ఒళ్ళు మండింది. "అతన్ని ఇక్కడ గీస్తుంటే నేను చూశాను. నా పొయ్యి ముందే. బుద్ధుందా మీకు?" అన్నాను.

"నువ్వు చూసింది ఒక బొమ్మ అక్కా. ఆయన వంద గీశాడు. అచ్చయింది ఇది" అన్నారు. "కాగితం కింద రాత చూడు, సరిగ్గానే ఉంది. లివోర్నో రేవు అని రాశాడు. రాత నిజమై, బొమ్మ అబద్ధమవుతుందా?"

నోట్లో నాలుక లేని మనిషిని పదిమంది మధ్య నిలబెట్టి సంజాయిషీ అడిగితే ఏం చెబుతాడు? మెనికో "నేను కాదు" అన్న ఒక్క మాటనే తిప్పి తిప్పి అన్నాడు. చివరికి చెక్కోనే కళ్ళు తుడుచుకుని, "సంఘంలో నీకు చోటు లేదు. బల్ల ఎక్కకు" అన్నాడు. ఆయన ఏడవడం నేను చూశాను కాబట్టి ఆయన్ని పూర్తిగా తిట్టుకోలేకపోయాను. కానీ కోపం మాత్రం పోలేదు.

సంఘంలో చోటు పోతే మా రేవులో మనిషికి ఏమీ మిగలదు. పని దొరకదు. రోగమొస్తే ఎవరూ తలుపు తట్టరు. చస్తే మోసేవాళ్ళుండరు. మెనికో కొన్నాళ్ళు ఊళ్ళో నీళ్ళు మోశాడు, చెత్త ఎత్తాడు, పందుల కొట్టాలు కడిగాడు. చలి ముదిరాక ఆ పని కూడా పోయింది. ఆ తర్వాత ఒక ఉదయం అతన్ని అవతలి గట్టు మీద చూశాం. గోనె లేదు, దాపరికం లేదు. అందరూ చూస్తుండగా కుడి భుజం మీద బేలు పెట్టుకుని వాళ్ళ బల్ల దిగుతున్నాడు.

"చూశావా?" అన్నారు మావాళ్ళు. "అలవాటైన పనే కదా!"

అలవాటు ఎంతుందో మెనికో పెళ్ళాం నెంచా చెబితే తెలిసింది. ఒకరోజు నా దగ్గరికి వచ్చి రొట్టె అడగలేదు, పళ్ళెం అడుగున మిగిలిన నూనె అడిగింది.

"ఎందుకే?"

"ఆయన భుజానికి. కుడి భుజం పుండైపోయిందక్కా. చొక్కా అంటుకుపోతోంది. రాత్రి తడిపి తడిపి ఊడదీస్తున్నాను." నెంచా మాట్లాడుతూనే ఏడ్చింది. "ఆ కొండవాళ్ళు రోజూ ఏడిపిస్తున్నారట. వాళ్ళ దగ్గర 'ఎడమోడు' అంటే బూతట. వీళ్ళు కుడిభుజం అని తరిమారు, వాళ్ళు ఎడమోడా అని పిలుస్తున్నారు. రెండు సార్లు నీళ్ళలో పడ్డాడు. బల్ల మీద తన భుజం ఏదో తనకే గుర్తుండట్లేదంట."

"కోప్పడట్లేదా?"

"కోపం వస్తే బాగుండును. 'మా నాన్న చూస్తే ఏమనుకుంటాడే' అంటాడు. అదొక్కటే అంటాడు."

నూనె గిన్నె నింపి ఇచ్చాను. మంచి నూనే ఇచ్చాను. తర్వాత నేనే రొట్టె కట్టుకుని చుట్టూ తిరిగి అవతలి గట్టుకి వెళ్ళొచ్చాను. నన్ను చూసి మెనికో మొహం తిప్పుకున్నాడు. అతని మెడ ఇప్పుడు కాస్త నిటారుగా కనిపించింది. అటు మోస్తే ఇటు, ఇటు మోస్తే అటు, మధ్యలో ఆగినట్టుంది. ఆ మెడ చూస్తే నాకు ఏడుపొచ్చింది. "తినరా" అని చేతిలో పెట్టి వచ్చేశాను.

చలికాలం సగం గడిచాక మా పాదిరిగారికి ఆ బొమ్మ మీద మోజు పుట్టింది. ఆయన పేరు డాన్ ఇప్పోలితో, మా వైపు పాదిరుల్ని డాన్ అనే పిలుస్తారు. రేవులో చర్చి ఆయనదే. బొజ్జ మనిషి, మేక గడ్డం. పడవ ఏ గట్టుది అన్నది ఆయనకి పట్టదు, పిలిస్తే వెళ్ళి దీవించి ఒక చేపల బుట్ట తెచ్చుకుంటాడు. బొమ్మలో ఒక మూల, చిన్న పడవ ముందు నిలబడి దీవిస్తున్న పాదిరి ఉన్నాడనీ, అది తనేననీ ఆయనకి ఎవరో ఆలస్యంగా చెప్పారు. ఒక కాగితం సంపాదించి, ఊరంతా చూపించుకుంటూ నా పొయ్యి దగ్గరికీ వచ్చాడు.

"చూశావా బెత్తా? అందరూ ఆ కుడిభుజం వాణ్ణే చూశారు, నన్నెవరూ చూడలేదు. బొజ్జ కాస్త ఎక్కువ వేశాడు గానీ నేనే."

"కాస్త తక్కువే వేశాడు పాదిరిగారూ" అన్నాను.

"దీన్ని పీసాకి పంపిద్దామనుకుంటున్నాను. ఆర్చిబిషప్పు గారు చూస్తారు. రేవులో ఎంత పనిచేస్తున్నానో తెలియాలి కదా."

నేను చేతులు తుడుచుకుని కాగితం అందుకున్నాను. అంతకుముందు ఎన్నిసార్లు చూసినా మెనికో భుజం దాటి నా కళ్ళు ఎక్కడికీ పోలేదు. ఆ రోజే పాదిరిగారి పుణ్యమా అని మూలకి చూశాను. పడవ, పడవలో ముసలి జాలరి, ఎదురుగా మా పాదిరిగారు, చెయ్యెత్తి.

"పాదిరిగారూ, మీరు ఏ చేత్తో దీవిస్తారు?"

"ఇదేం ప్రశ్నే? కుడిచేత్తో. ఎడమచేత్తో దీవించేది సైతానే."

"మరి ఇక్కడ ఎత్తింది ఏ చెయ్యి?"

ఆయన కాగితం లాక్కున్నాడు. దగ్గరికి పెట్టుకున్నాడు, దూరంగా పెట్టుకున్నాడు, తన కుడిచెయ్యి ఎత్తి చూసుకున్నాడు. మొహంలో రక్తం లేదు. "అమ్మో! పీసాకి పంపి ఉంటే!" అన్నాడు.

"అంటే మీరు ఎడమచేత్తో..."

"నోరు ముయ్యవే! నా జన్మలో చెయ్యలేదు. వాడు తప్పు వేశాడు!"

"మీ చెయ్యి ఒక్కటే తప్పు వేసి, మెనికో భుజం ఒప్పు వేశాడా?" అన్నాను. "పదండి, ఆ మాట సంఘంలో చెబుదురుగాని."

పొయ్యి మీద రొట్టె మాడిపోతే పోనిమ్మని ఆయన్ని రెక్క పట్టుకుని లాక్కెళ్ళాను. కొట్టులో మధ్యాహ్నపు కూడు తింటున్నారు అందరూ. పాదిరిగారు మేకుకున్న బొమ్మ ముందు నిలబడి, "ఒక్కటి తేల్చండి. నేను సైతాను మనిషినా, లేక ఈ బొమ్మ అబద్ధమా?" అని గట్టిగా అడిగాడు. నేనైతే అంత బాగా అడగలేకపోయేదాన్ని. భయం మనిషికి మాటలు నేర్పుతుంది కాబోలు.

గుంపుగా మూగారు. ఇప్పుడు భుజాన్ని వదిలేసి మిగతాది చూశారు. ఇద్దరు వర్తకులు ఎడమ చేతులు కలుపుకుంటున్నారు. పీపా మీద కూర్చున్న గుమాస్తా ఎడమచేత్తో రాస్తున్నాడు. సిపాయి కత్తి కుడి తొడకి వేలాడుతోంది, ఎడమచేత్తో తప్ప లాగలేడు. రేవు రేవంతా ఎడమచేతివాటమే. ఎవడో పకపకా నవ్వాడు, ఇంకెవరూ నవ్వకపోయేసరికి మానేశాడు.

"అయితే రాత సరిగ్గా ఎలా ఉంది?" అన్నాడు ఒకడు.

దానికి జవాబు చెక్కోనేకే తట్టింది. ఆయన నడుముకి ఎప్పుడూ ఒక చెక్క ముద్ర వేలాడుతూ ఉంటుంది. మావాళ్ళు మోసిన ప్రతి బేలు మీదా మసి పూసి కొట్టేది. లంగరూ, తాళంచెవీ. ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని తిరగేసి చూశాడు. చెక్క మీద తాళంచెవి పళ్ళు ఒక వైపుకి ఉన్నాయి. పక్కనున్న బేలు మీద గుర్తు చూశాడు. అక్కడ పళ్ళు రెండో వైపుకి ఉన్నాయి. వాళ్ళ తాతల నుంచి వస్తున్న ముద్ర అది. దానితో ఎన్ని వేల సార్లు కొట్టి ఉంటాడో, అది తిరగబడి పడుతుందన్న సంగతి ఆయన చేతికి తెలుసు, ఆయనకి తోచలేదు.

"రాగిరేకు మీద గీసి అద్దుతారు" అన్నాడు నెమ్మదిగా. "అద్దితే తిరగబడుతుంది. రాత చదవడానికి కుదరదని దాన్ని కష్టపడి తిరగేసి చెక్కాడు. మనుషుల్ని మాత్రం అలాగే వదిలేశాడు." ముద్ర వదిలేశాడు, అది నడుము దగ్గర ఊగింది. "నిజమో కాదో చూసుకోకుండా నేను కూడా మనిషిని అలాగే వదిలేశాను."

తినే కూడు అలాగే వదిలి ఆయన ఒక్కడే అవతలి గట్టుకి నడిచాడు. మేము నీళ్ళకి ఇవతలి నుంచి చూస్తున్నాం. మాటలు వినిపించలేదు. చెక్కోనే టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు, అది మాత్రం కనిపించింది. కొండవాళ్ళు పని ఆపి చూస్తున్నారు. మెనికో "ఈ ఓడ బేళ్ళు దింపడం ఇంకా అవలేదు బావా, మధ్యలో వదిలేస్తే వీళ్ళకి ఇబ్బంది, రేపొస్తాను" అన్నాడని నెంచా తర్వాత చెప్పింది. పుండు చేసిన వాళ్ళ పని కూడా మధ్యలో వదలని మనిషిని ద్రోహి అన్నాం మేము. గోనె కప్పుకుని వెళ్ళిందెవరో ఈనాటికీ తేలలేదు. అసలు ఎవరైనా వెళ్ళారో లేదో కూడా తెలియదు.

మర్నాడు మెనికో వచ్చాడు. మా గట్టుకి పెద్ద ఓడ కట్టి ఉంది, కొందరు ఉన్ని దింపుతున్నారు, కొందరు పట్టు బేళ్ళు ఎక్కిస్తున్నారు. ఒకడు అతని టోపీ దుమ్ము దులిపాడు. చెక్కోనే మేస్త్రి కదా, బరువు మోసి ఏళ్ళయింది. ఆ రోజు మాత్రం చొక్కా విప్పి పక్కన పడేసి, తనూ ఓడెక్కి ఉన్ని బేలు ఎత్తుకుని దిగేవాళ్ళలో మొదట నిలబడ్డాడు. మెనికోకి కింద పట్టు బేలు అందించారు. "రా తల్లీ" అన్నాడు అతను. ఇన్నాళ్ళకి ఆ మాట విని నాకు ప్రాణం లేచొచ్చింది. బేలు భుజాన వేసుకుని బల్ల ఎక్కాడు.

సగం ఎక్కాక చూశాను. బేలు కుడి భుజం మీద ఉంది.

అతనికి తెలియలేదు. వారాల తరబడి పుండుతో మోసి మోసి ఒళ్ళు అలా నేర్చుకుంది. ఎదురుగా చెక్కోనే దిగుతున్నాడు, ఎడమ భుజాన బేలుతో. గట్టు మీంచి ఎవడో పాత అలవాటున "కుడిభు..." అని అరవబోయి నోరు నొక్కుకున్నాడు. అప్పుడు మెనికో ఆగాడు. తల కొంచెం కదిపి, బేలు ఎటుందో చూసుకున్నాడు. మెడ దాకా ఎర్రబడిపోయాడు.

"బావా, తప్పు నాదే. నేను దిగుతాను, నువ్వు రా" అన్నాడు.

మా గట్టు మీద మేస్త్రి బేలుతో బల్ల మీదుండగా ఎవరైనా సరే వెనక్కి తగ్గాల్సిందే. మేస్త్రి వెనక్కి తగ్గడం నేనెప్పుడూ చూడలేదు, మా అమ్మ కూడా చూసి ఉండదు.

"నోరు ముయ్యి" అన్నాడు చెక్కోనే. గట్టు చివరిదాకా వినిపించే గొంతుతోనే అన్నాడు. "ఆ బరువు ఆ భుజం మీద పెట్టింది నేను. నువ్వు పైకి రా."

బేలు దించకుండా, వెనక్కి తిరగడానికి చోటు లేక, పాదంతో బల్లని తడుముకుంటూ ఒక్కో అడుగే వెనక్కి వేశాడు. పెద్ద వయసు, పెద్ద ఒళ్ళు. ఆయన వెనక దిగబోతున్నవాళ్ళందరూ కూడా వెనక్కి జరిగి ఓడ మీదికి వెళ్ళిపోయారు. బల్ల మీద మెనికో ఒక్కడే మిగిలాడు. అతను కుడి భుజం మీద బేలుతోనే పైకి ఎక్కాడు.